ఏడో అధ్యాయం చివర

జూన్ 4

చెల్లీ,

నువ్వు పంపిన పెట్టె నిన్న సాయంత్రం అందింది. మూడు జతల ఇయర్‌ఫోన్లు, వాటి కింద నీ చీటీ. "అక్కా, ఇవి చెవి లోపలికంటా వెళ్తాయి కాబట్టి నీకు బాగా వినబడుతుంది" అని రాశావు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వాక్యంలో తప్పేమీ లేదు. కాళ్లు బాగున్న మనిషికి చేతికర్ర బహుమానమిచ్చి, ఇకనుంచి హాయిగా నడువు అన్నట్టుంది, అంతే.

ఫోను చేస్తే ఎత్తడం లేదని బాధపడుతున్నావట. చెవులు పనికిరావని మీ ఇంటినుంచే తీర్పు వచ్చిన మనిషికి ఫోనెందుకు? ఇకమీద ఏమున్నా కాగితం మీద రాయి. నా కళ్లకు ఇంకా ఎవరూ వంక పెట్టలేదు.

మీ ఆయన ఆ రోజు మా ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్న తీరు చూసినప్పుడే ఏదో అప్రియం మోసుకొచ్చాడని తెలిసింది. శ్రవణ గ్రంథాలయానికి మీరు రికార్డు చేసి ఇచ్చే పుస్తకాలమీద శ్రోతలనుంచి ఫిర్యాదులు వస్తున్నాయన్నాడు. చదువులో తప్పులు పట్టుబడకుండా జారిపోతున్నాయనీ, వయసు మీద పడ్డాక వినికిడి తగ్గడం సహజమనీ, వదినగారు విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందనీ అన్నాడు. ఏ పుస్తకంలో, ఏ పేజీలో, ఏ తప్పు అని నేను అడగవచ్చు. అడగలేదు. నా చెవులు బాగున్నాయని నేనే ఒకరి ముందు వాదించుకోవడం నాకు చేతకాదు. రికార్డింగు గది తాళంచెవి తీసి ఇచ్చాను. కాఫీ ఇచ్చి పంపించాను. అద్దానికి అటువైపు నువ్వు కూర్చుని చదవడం, ఇటువైపు నేను పుస్తకం తెరిచి వినడం, తప్పు దొర్లిన చోట పెన్సిలుతో అద్దం మీద రెండుసార్లు కొట్టడం, ఇన్నేళ్ల ఆ పని ఒక్క కాఫీతో ముగిసింది.

నీ బహుమానం మాత్రం వృథా కాదు. శ్రవణ గ్రంథాలయం మాసపత్రిక సంపాదకురాలు చాలాకాలంగా నన్నొక వ్యాసం అడుగుతోంది. మన పుస్తకాలు వినడానికి ఎలాంటి ఇయర్‌ఫోన్లు కొనుక్కోవాలో తెలియక సభ్యులు ఆమెకు ఉత్తరాలు రాస్తున్నారట. ఇప్పుడు నాకు తీరికా ఉంది, సరుకూ ఉంది. పరీక్షకు నీ కొత్త పుస్తకం 'దీపస్తంభాల చరిత్ర' తీసుకున్నాను. నేను వినకుండా బయటికి వెళ్లిన మొదటి పుస్తకం కదా, ఎలా ఉందో చూడాలనిపించింది.

మొదట నల్లది. మూడింటిలోకీ చవక. దీని మంద్రస్వరం మితిమీరింది. నువ్వు గోనెసంచి కప్పుకుని చదువుతున్నట్టుంది. రబ్బరు తొడుగు మరీ లావు. చెవిలో దూరాక బిరడా బిగించిన సీసాలా ఉంటుంది తల. బిస్కెట్టు కొరికితే పుర్రెలో ఎవరో కంకర మర తిప్పినట్టుంది. పైగా ఎడమవైపు ముక్క కుడివైపు దానికన్నా మందంగా పలుకుతోంది. చవక సరుకు మరి.

మిగతా రెండింటి సంగతి తీరిగ్గా రాస్తాను.

చెవులు పోయిన
మీ అక్క


జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో నీకు తెలీదు. బాగా వినబడుతుంది అంటే పాటలు బాగా వినబడతాయని నా ఉద్దేశం. నువ్వు ప్రతి మాటకీ లోపల ఇంకో మాట వెతుకుతావు, ఏం చెయ్యను!

ఆ పని మీ మరిదిది అక్కా. నాకసలు తెలీదు. తెలిశాక నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు, కంచం ఆయన ముందు పెట్టి ఇవతలికి వచ్చేసేదాన్ని. అయినా ఏం లాభం, అప్పటికే నువ్వు తాళంచెవి ఇచ్చేశావు. నువ్వు గనక రెండు మాటలు గట్టిగా అడిగుంటే ఆయనే తగ్గేవారు. నీ పౌరుషం నీకు శత్రువు అని అమ్మ ఊరికే అనేది కాదు.

నీ కుర్చీలో ఇప్పుడు వాళ్ల పెదనాన్న కొడుకు కూర్చుంటున్నాడు. అదే, నువ్వు గురకబావ అనేదానివి చూడు, ఆ బావగారే. ఉద్యోగం అయిపోయి ఖాళీగా ఉన్నాడు. అప్పుడప్పుడూ కునుకు తీస్తాడు గానీ మనిషి మంచివాడు. నాకైతే ఆ గదిలో ఏమీ తోచడం లేదు. నీ పెన్సిలు చప్పుడు లేకపోతే చదువుతున్నట్టే లేదు, నిజం.

ఆ వ్యాసాలూ పరీక్షలూ పెట్టుకుని చెవులు నొప్పి పుట్టించుకోకు. నల్లవి టీవీకి పెట్టుకో. ఎర్రవీ తెల్లవీ ఎవరికైనా ఇచ్చెయ్. ఆయన నమూనాకు తెచ్చినవి ఇవే రకాలు మా దగ్గర ఇంకా ఉన్నాయి.

నీ పిచ్చి చెల్లి


జూన్ 17

చెల్లీ,

నువ్వు ఏడ్చిన సంగతి విచారకరం. మరిదిగారికి నాలుగు రోజులు మౌనంగా భోజనం పెట్టిన సంగతి అంతకన్నా విచారకరం. ఆయన గమనించాడా?

ఎర్రది గురించి రాస్తాను. దీనికి నల్లదాని జబ్బుకి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు. మంద్రం లేదు, అంతా కీచు. నువ్వు సకారం పలికిన ప్రతిసారీ చెవిలో సూది గుచ్చుకుంటుంది. తొడుగు పలచన. మొదట్లో హాయిగానే ఉంటుంది గానీ కాసేపటికి జారుతుంది, ఎగదోసుకుంటూ ఉండాలి. తీగ మెడ దగ్గర బట్టకు రాసుకున్నప్పుడల్లా గోడమీద బల్లి పాకినట్టు బరబరమంటుంది. ధర ఒక మంచి చెప్పుల జత ధర. ఆ డబ్బుకి చెప్పులే కొనుక్కోవడం మేలు.

తెల్లది వేరు. మీ ఆయన పొరపాటున ఖరీదైనది పంపించినట్టున్నాడు. కొనేటప్పుడు చెయ్యి వెనకాడుతుంది. చెవిలో పెట్టుకున్నాక వెనకాడినందుకు సిగ్గేస్తుంది. తొడుగులు మూడు కొలతల్లో ఇచ్చారు, చిన్నది నాకు సరిపోయింది. కళ్లజోడు కాడ కిందనుంచి తీగ తిప్పుకుంటే బరువే తెలియదు. ఇందులో నీ గొంతు ఎదుటి కుర్చీలో ఉంటుంది. నువ్వు ఎక్కడ ఊపిరి తీశావో, ఎక్కడ పేజీ తిప్పావో, ఎక్కడ చదువుతూ చదువుతూ ఇంకేదో ఆలోచించావో అంతా తెలుస్తుంది. మూడో అధ్యాయంలో "నావికుల" అన్న మాట సగం మింగేశావు. గురకబావ అప్పుడు ఏ రేవులో ఉన్నాడో.

దీనికి కూడా ఎడమ ముక్క కొంచెం తక్కువే పలుకుతోంది. ఎర్రదానికీ అంతే. ఈ తయారీదార్లందరికీ ఎడమంటే ఎందుకింత చిన్నచూపో.

ఒక చిన్న పని చెబుతాను, చేస్తావా? మీ దగ్గర ఇవే రకాలు నమూనాకు ఉన్నాయన్నావు. ఏడో అధ్యాయం ముగిశాక వయొలిన్ వస్తుంది కదా. ఆ సంగీతం దగ్గర మూడూ మార్చి మార్చి విను. నీకేం వినబడిందో రాయి. తొందరేమీ లేదు. నాకు తీరిక చాలా ఉంది.

మీ అక్క


జూన్ 22

అక్కా,

నువ్వు చెప్పావని ఆ రోజే విన్నాను. నల్లవి చేతికందాయి, వాటితోనే విన్నాను. తుఫానులో ఓడ మునిగిపోయే ఘట్టం, ఆ తర్వాత వయొలిన్... గుండె బరువెక్కిపోయింది. నేనే చదివి నేనే విని నేనే కళ్లు తుడుచుకున్నా, నవ్వుకో.

అక్కా, ఒకటి చెప్పనా. ఇన్నేళ్లలో నా చదువులో ఒక చోటు చూపించి విను అని నువ్వు అనడం ఇదే మొదలు. ఎప్పుడూ ఇది మింగావు, అది నమిలావు అనడమే గానీ. ఉత్తరం ఆయనకి చూపించాను. మా అక్కకి నచ్చింది అన్నాను. గురకబావకీ చెప్పాను. తోడికోడలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. మా పక్కింటి టైలరమ్మ కూడా తెచ్చుకుని వింటోంది. అందరికీ ఏడో అధ్యాయం వినండని చెబుతున్నా.

ఎర్రవీ తెల్లవీ అక్కర్లేదులే, నల్లవాటిల్లోనే అంత బాగుంటే.

అన్నట్టు మూడింటికీ ఎడమవైపే తక్కువంటావేంటి? తెచ్చిన కొట్టువాణ్ణి అడగమని ఆయనకి చెప్తాలే.

నీ మెప్పు పొందిన చెల్లి


జూన్ 27

చెల్లీ,

నీ సంతోషం చూసి కొన్నాళ్లు ఉత్తరం రాయకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది. కానీ నువ్వు టైలరమ్మ దాకా వెళ్లావు. నీ అంతట నువ్వే సాక్షుల్ని పోగుచేసుకుంటుంటే నేను ఊరుకోవడం అన్యాయం.

తెల్లవాటితో విను. ఒక్కదానివే కూర్చుని విను.

విన్నాక చదువుతావో, చదివాక వింటావో నీ ఇష్టం. నేను రాసేస్తున్నాను. ఆ అధ్యాయం అయిపోగానే నువ్వు మంచినీళ్లకోసమో దేనికో లేచి తలుపు దాకా వెళ్లావు. మైకు ఆపలేదు. తలుపు దగ్గర మీ ఆయన ఉన్నాడు. తర్వాత సంగీతం అతికించినవాళ్లు ఆ కొసను కత్తిరించకుండా దానిమీదే వయొలిన్ పరిచారు. నల్లదాంట్లో మంద్రం దాన్ని కప్పేస్తుంది. ఎర్రదాంట్లో పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టుంటుంది. తెల్లదాంట్లో వయొలిన్ ఒక పక్కకు జరిగి నిలబడుతుంది, నీ మాట రెండో పక్కనుంచి నడుచుకుంటూ వస్తుంది.

"అక్క నమ్మేసిందండీ. చెవుల మాటెత్తితే ఇక నోరెత్తదని నాకు తెలుసు, మీకు చెప్పాను కదా. ఫిర్యాదులూ లేవు, ఏమీ లేవు, పాపం. పోనీలెండి, ఇకనుంచి ఆ పెన్సిలు గోల లేకుండా హాయిగా చదువుకుంటా."

ఆ "పాపం" అన్న మాటను ఎంత స్పష్టంగా పలికావంటే, అద్దానికి ఇటువైపు నేనుంటే దానికి పెన్సిలు ఎత్తేదాన్ని కాదు.

ఇంకొక సంగతి నీకు తోచిందో లేదో. నేను ఆ కుర్చీలో ఉంటే ఆ కొస వినేదాన్ని. వింటే తీయించేసేదాన్ని, ఎందుకంటే పుస్తకంలో లేని మాట పుస్తకంలో ఉండకూడదు. నన్ను పంపించేసిన మాటలు, నన్ను పంపించేశారు కాబట్టే ఊరంతా తిరుగుతున్నాయి.

దీనితో నా వ్యాసం నకలు జతచేస్తున్నాను. మాసపత్రికకు వచ్చే నెల మొదటి వారంలో పంపుతాను. ధ్వని, సౌకర్యం, ధరకు తగ్గ విలువ, ఇవన్నీ చెప్పి, చివర సభ్యులకు ఒక సలహా ఇచ్చాను: "కొనేముందు పరీక్షించదలచినవారు 'దీపస్తంభాల చరిత్ర' ఏడో అధ్యాయం చివరి సంగీతాన్ని వినండి. సంగీతం మాత్రమే వినబడితే ఆ ఇయర్‌ఫోన్లు కొనకండి. ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపిస్తే బేరమాడండి. ఏమన్నారో వినబడితే ధర అడక్కుండా కొనండి."

వాక్యనిర్మాణంలో లోపాలుంటే చెప్పు.

నీ పాపం అక్క


జూలై 1

అక్కా,

విన్నాను. తెల్లవాటితోనే విన్నాను. ఆయన్ని కూర్చోబెట్టి వినిపించాను. ఆయన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారు.

నేనే చెప్పించాను. సరేనా? ఆయన వద్దంటే కూడా నేనే పంపించాను. ఇప్పుడు నేను చెప్పేది కూడా విను. పెళ్లయిన కొత్తలో నువ్వే నన్ను తీసుకొచ్చి ఆ మైకు ముందు కూర్చోబెట్టావు. ఆరోజునుంచీ టక్ టక్. ఊపిరి తీస్తే టక్ టక్. ఒక్కో పేజీ ఏడెనిమిదిసార్లు. కలలో కూడా అదే చప్పుడు. ఇంట్లో కంచం మీద ఎవరైనా స్పూను తగిలిస్తే చదివిన మాట మళ్లీ చదవబోయేదాన్ని అక్కా, పిల్లలు నవ్వేవాళ్లు. బాగా చదివావని ఒక్కసారి, ఒక్కసారైనా అన్నావా? ఎవరైనా మెచ్చుకుంటే నేను దగ్గరుండి విన్నాను కాబట్టి అనేదానివి. ఒక్క పుస్తకం నా అంతట నేను చదువుకోవాలనిపించింది. అంతే నా నేరం.

నీతో వాదించి గెలవలేను. అందుకే నువ్వు వాదించని చోటు చూసుకుని కొట్టాను. అది తప్పే. కానీ నిన్ను చూసే నేర్చుకున్నాను.

ఇంకొకటి. మూడు జతలు, ముగ్గురు తయారీదార్లు, మూడింటికీ ఎడమవైపే తక్కువ! కాలేజీలో సైన్సు చదివినదానివి, నీకే తట్టాలి. ఎడమ ముక్క తీసి కుడి చెవిలో పెట్టుకో. కుడిది ఎడమలో పెట్టుకో. అప్పుడు నేను చెప్పింది అబద్ధమో నిజమో నువ్వే తేల్చుకో.

ఆ వ్యాసం పంపకు. గ్రంథాలయం వాళ్లు పని తీసేస్తే మాకు వేరే ఆధారం లేదు. చేతులు జోడించి అడుగుతున్నాను.

చెల్లి


జూలై 8

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు పరీక్ష చెయ్యలేదు. నీ మాటమీద నా చెవిలో చెయ్యి పెట్టుకోవడానికి ఒళ్లు ఒప్పలేదు. మర్నాడు చేశాను.

ఎడమ గుర్తున్న ముక్క కుడి చెవిలో గంటలా మోగింది. కుడి ముక్క ఎడమ చెవిలో మసకబారింది. మూడు జతలూ మార్చి చూశాను. మూడూ ఒకే మాట మీద ఉన్నాయి.

వంటగది నా కుర్చీకి ఎడమవైపు. అక్కడ పంపు కారుతోందని పోయిన వారం కింది వాటా ఆమె వచ్చి చెబితే తెలిసింది. వాళ్ల పైకప్పు తడిసిందట. పంపు బాగుచేసిన మనిషి ఇది చాలా రోజులనుంచి కారుతూ ఉండాలే, చప్పుడు వినలేదా అన్నాడు. రబ్బరు వాషరు నాసిరకమని వాడిమీదే విసుక్కున్నాను. నిన్న రాత్రి భోజనం చెయ్యలేదు. ఇది నీకు రాయకుండా ఉండగలను. కానీ పరీక్ష నువ్వు సూచించావు కాబట్టి ఫలితం నీకు చెందుతుంది.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో. నీకు నా ఎడమ చెవి సంగతి తెలియదు. నువ్వు అబద్ధమే చెప్పావు. అది తర్వాత నిజమని తేలడం నీ ప్రతిభ కాదు.

నిన్ను మెచ్చుకోలేదన్న మాట నిజం. నీ చదువు మామూలుదైతే నేను అన్నిసార్లు ఆపేదాన్ని కాదు. మామూలు చదువరుల దగ్గర నేను కునుకే తీసి ఉండేదాన్ని. ఇది మెప్పు అనుకుంటావో తిట్టు అనుకుంటావో, ఇంతకన్నా తియ్యగా నాకు రాదు.

వ్యాసం నిన్న పంపాను. నువ్వు చేతులు జోడించిన చోటు చదివాకే పంపాను. మీ ఆయన నా ఇంట్లో కుర్చీ అంచున కూర్చున్నప్పుడు నేను కూడా లోపల చేతులు జోడించే ఉన్నాను. నీకు కనబడలేదు. వ్యాసంలో నీ పేరు లేదు, నా వివాదం లేదు. చివర ఒక్క వాక్యం మాత్రం కొత్తగా చేర్చాను:

"పరీక్షకురాలికి ఎడమ చెవి మందం. పై ఫలితాలన్నీ ఒక్క కుడి చెవివి."

ఇక ఆ సంగతి నీ చేతిలో లేదు, మీ ఆయన నోట్లో లేదు. అచ్చులో ఉంటుంది, నా సంతకం పైన.

మీ అక్క


ఆగస్టు 12

అక్కా,

మాసపత్రిక వచ్చింది. నీకూ వచ్చే ఉంటుంది. వారంరోజులుగా ఫోను మోగుతూనే ఉంది. తోడికోడలు తెల్లవి కొనుక్కుని మరీ విన్నదట. టైలరమ్మ తెల్లవి మెడలో వేలాడేసుకునే నా జాకెట్టు కొలత తీసుకుంది.

గ్రంథాలయం వాళ్లు ఆయన్ని పిలిపించారు. పుస్తకం వెనక్కి తీసుకుంటున్నారు. సంపాదకురాలు ఒకటే అడిగిందట, ఒక్క చెవితో ఇది పట్టుకున్న మనిషిని మీరు చెవులు లేవని పంపించారా అని. పన్నెండు అధ్యాయాలూ మళ్లీ చదవాలి. నువ్వు విని సరేనంటేనే తీసుకుంటారు, లేకపోతే ఇకముందు పని ఇవ్వరు. గురకబావ నిన్ననే వెళ్లిపోయాడు. వెళ్తూ కూడా అసలేం జరిగిందని అడిగాడు.

ఆయన మీ ఇంటికి రావడానికి మొహం చెల్లక నన్ను రాయమన్నారు. నాకు మాత్రం ఎక్కడ చెల్లుతోంది!

నువ్వు గెలిచావు. రా.

చెల్లి


ఆగస్టు 16

చెల్లీ,

సోమవారం ఉదయం వస్తాను. మీ ఆయన రానక్కర్లేదు, దారి తెలుసు. తాళంచెవి మాత్రం పాత మేకుకే తగిలించి ఉంచమను. చేతికి ఇప్పించుకోవడం నాకు ఇష్టంలేదు.

తెల్లవి నేను తెస్తాను. ఎర్రవి కింది వాటా ఆమెకు ఇచ్చాను, పైకప్పు తడిపినందుకు. నల్లవి మీ ఆయనకు తెస్తున్నాను. వాటిలో నీ మాటలేవీ వినబడవు కాబట్టి ఆయనకు సుఖంగా ఉంటుంది. చెవి వైద్యుడి దగ్గరికి కూడా వెళ్లాను. ఎడమది ఇక బాగుపడదట, కుడిది ఇంకా చాలాకాలం పనిచేస్తుందట. నీకు ఆ ఒక్కటి చాలు.

మంచినీళ్ల సీసా గది లోపలే, నీ కుడిచేతి పక్కన పెట్టుకో. తలుపు దాకా వెళ్లే పని ఉండదు.

ఏడో అధ్యాయంలో ఓడ మునిగే ఘట్టం బాగా చదివావు. తెల్లవాటితో విన్నా బాగానే ఉంది. దాన్ని కూడా మళ్లీ చదవాలి.

మొదటి అధ్యాయం మొదటి వాక్యంలోనే మూడో మాట తేలిపోయింది. అక్కడినుంచి మొదలుపెడదాం. పెన్సిలు చెక్కి సంచిలో పెట్టుకున్నాను.

మీ అక్క